ఉప్పు కాపలా: మూత్రపిండాలపై ఒక సింహావలోకనం

మనిషి మూత్రపిండాలు రెండూ కలిపి తూచినా మూడు వందల గ్రాములకు అటూఇటూగా ఉంటాయి. గుండె నిమిషానికి పంపే అయిదు లీటర్ల రక్తంలో లీటరుకు పైగా వాటికే వెళుతుంది. రోజు మొత్తంలో అవి 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో కరిగి ఉన్న ఉప్పును కాటాలో పెడితే కిలోన్నర దాకా తూగుతుంది. మనం కూరల్లో, పచ్చళ్ళలో కలిపి రోజుకు తినేది పది గ్రాముల చుట్టుపక్కలే. వడకట్టిన ఉప్పంతా బయటికి పోతే మనిషికి ఆ రోజు గడవదు. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు తిరిగి రక్తంలోకే చేరుతుంది. మిగిలిన ఆ ఒక్క పాలును ఇవాళ కాస్త తగ్గించాలా, పెంచాలా అన్న నిర్ణయం మీదే ఒంట్లో రక్తం ఎంత ఉండేదీ తేలుతుంది. ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడికి చేరుతుంది కనుక, ఉప్పును పట్టుకున్న మూత్రపిండం రక్తాన్ని పట్టుకున్నట్టే.

ఈ సంగతిని ప్రకాశం జిల్లా సింగరాయకొండ వైపు నుంచి చూడడానికి కారణం ఉంది. ఊరికి తూర్పున పాకల సముద్రం, బింగినపల్లి, ఊళ్ళపాలెం వైపు ఉప్పు కొఠార్లు. పడమట కందుకూరు దారిలో పొగాకు చేలు, బ్యారన్లు. ఒంగోలు దాటి ఉత్తరానికి పోతే పత్తి, మిరప పండే నల్లరేగళ్ళు. ఎండ ముదిరేకొద్దీ ఉప్పు బాగా తేలుతుంది, మిరప బాగా ఎండుతుంది. ఆ ఎండలోనే మడిలో ఉప్పు లాగే మనిషి, కల్లంలో కాయ ఏరే మనిషి గంటకు లీటరు దాకా చెమట పోస్తారు. లీటరు చెమటలో ఒక గ్రాము నుంచి మూడు గ్రాముల ఉప్పు పోతుంది. పెద్ద మనిషి రక్తం అయిదు లీటర్లు, అందులో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం మూడు లీటర్లు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పోయిన చెమటను దీనికి ఎదురు పెట్టి చూస్తే, ఆ మనిషి సాయంత్రం ఇంటికి నడిచి వెళ్ళగలగడం వెనక ఎంత పని జరిగి ఉండాలో తెలుస్తుంది.

ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. పుస్తకాల్లో ఈ చరిత్రను వడపోత కథగా చెబుతారు. 1666లో ఇటలీలో మాల్పీగీ మూత్రపిండంలో చిన్న చిన్న గుండ్రటి ముద్దలను చూశాడు. 1842లో లండన్‌లో బౌమన్ ఆ ముద్ద కేశనాళికల చుట్ట అనీ, దాని చుట్టూ ఉన్న తొడుగు నుంచే నాళిక మొదలవుతుందనీ చూపించాడు. అదే కాలంలో జర్మనీలో లూడ్విగ్ రక్తపు ఒత్తిడే ద్రవాన్ని వడకడుతుందన్నాడు. 1924 నాటికి ఫిలడెల్ఫియాలో రిచర్డ్స్ బృందం కప్ప మూత్రపిండంలోని ఒక్క తొడుగులోకి సన్నని గాజు గొట్టం దించి, ఆ ద్రవాన్ని పరీక్షించి వడపోతను రుజువు చేసింది. ఇదంతా గొప్ప పనే. కానీ వడకట్టడం ఒత్తిడి చేసే పని. వడకట్టిన దాన్ని అవసరం మేరకు తిరిగి పట్టుకోవడంలోనే మూత్రపిండం ప్రజ్ఞ ఉంది. ఆ రెండో సగం ప్రయోగశాలలో కంటే ముందు ఒంట్లో నీరు, ఉప్పు పోగొట్టుకున్న మనుషుల దగ్గర బయటపడింది. కలరా రోగులు, గని కార్మికులు, బాంబు శిథిలాల కింద నలిగినవాళ్ళు, వేడి దేశాలకు పంపిన సైనికులు. ఈ చరిత్రను వాళ్ళ వైపు నుంచి చెప్పాలన్నదే నా పట్టుదల.

1832లో మొదలుపెడదాం. అది నందన సంవత్సరం. గుంటూరు సీమలో నందన కరువు ఆ ఏడాది, మరుసటి ఏడాది ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టింది. అయిదు లక్షల జనాభా ఉన్న జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనా. సింగరాయకొండ అప్పట్లో నెల్లూరు జిల్లా కిందిది, ఆ వైపూ కరువు దెబ్బ తగిలింది. సరిగ్గా ఆ ఏడాదే, ఆసియా నుంచి పాకిన కలరా బ్రిటన్‌లో జనాన్ని చంపుతోంది. ఇరవై రెండేళ్ళ ఓషానెసీ అనే వైద్యుడు కలరా రోగుల రక్తం తీసి పరీక్షించి, అందులోంచి నీరూ లవణాలూ పెద్ద పాళ్ళలో పోయాయని రాశాడు. మరో మాట కూడా రాశాడు: మూత్రం ఆగిపోయినవాళ్ళ రక్తంలో యూరియా పేరుకుంటోంది. రక్తం తగ్గితే మూత్రపిండం మూత్రాన్ని ఆపేస్తుంది, ఎక్కువసేపు ఆపితే మలినం లోపలే నిలిచిపోతుంది అన్న సత్యానికి ఇది తొలి రాతల్లో ఒకటి.

ఆ ఏడాది మే నెలలో స్కాట్లండ్‌లోని లీత్ అనే రేవుపట్నంలో థామస్ లాటా ఆ రాతను చేతల్లో పెట్టాడు. నాడి అందని రోగుల నరాల్లోకి ఉప్పునీరు ఎక్కించాడు. నాడి వచ్చింది, కళ్ళు తెరిచారు, మాట్లాడారు. కొందరు బతికారు, చాలామంది కొన్ని గంటలకు మళ్ళీ జారిపోయారు. ఎక్కించిన నీరు మళ్ళీ విరేచనాల్లో పోయేది, పోయినంత మళ్ళీ మళ్ళీ ఎక్కించడం అన్నిసార్లూ జరగలేదు. లాటా మరుసటి ఏడాదే చనిపోయాడు, ఆ వైద్యం మరుగున పడింది. ఓషానెసీ కలకత్తా వచ్చి, తర్వాత ఈ దేశానికి టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు. కలరా మాత్రం డెబ్భై ఏళ్ళకు పైగా జనాన్ని అలాగే తీసుకుపోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ చిక్కటి ఉప్పు ద్రావణం ఎక్కించి మరణాలను బాగా తగ్గించాడు. నాడి నిలబడినా మూత్రం రాక చనిపోతున్నవాళ్ళను చూసి ఆయన దృష్టి మూత్రపిండాల మీదికి మళ్ళింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బనగావ్ శిబిరంలో దిలీప్ మహలనబీస్ సూదులు, సీసాలు చాలక, ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీళ్ళు నోటితోనే తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు పడిపోయాయి. చక్కెర తోడుంటే ఉప్పు పేగులోంచి వేగంగా లోపలికి పోతుంది. మూత్రపిండ నాళికల్లోనూ చక్కెర, ఉప్పు జంటగానే రక్తంలోకి వెనక్కి వస్తాయి. పేగు చేర్చింది, మూత్రపిండం నిలిపింది. మన ఆరోగ్య ఉపకేంద్రంలో ఇచ్చే ఓఆర్‌ఎస్ పొట్లం వెనక ఇంత కథ ఉంది.

ఉప్పు అంటే 1930 గుర్తు రాకుండా ఉండదు. ఒంగోలు దగ్గరి దేవరంపాడులో టంగుటూరి ప్రకాశం ఉప్పు సత్యాగ్రహ శిబిరం నడిపారు. ఆ ఏడాది వైస్రాయికి రాసిన లేఖలో గాంధీ ఒక వాదన పెట్టారు: ధనికుడి కంటే పేదవాడే ఎక్కువ ఉప్పు తినాలి, కనుక ఈ పన్ను పేదవాడి మీదే ఎక్కువ పడుతుంది. దీన్ని రాజకీయ వాదనగానే చదివాం. శరీరశాస్త్రం దృష్టితో చూసినా అది అక్షరాలా నిజం. అంతకు ఏడేళ్ళ ముందే, 1923లో, ఇంగ్లండ్‌లో మాస్ అనే శాస్త్రజ్ఞుడు లోతైన బొగ్గు గనుల వేడిలో పనిచేసేవాళ్ళకు కండరాలు కొంకర్లు పోయేలా పట్టేయడానికి కారణం చెమటలో ఉప్పు పోవడం, పైన ఉత్త నీళ్ళు తాగడం అని చూపించాడు. తాగే నీళ్ళలో ఉప్పు వేస్తే ఆ నొప్పులు తగ్గాయి.

1936లో లండన్‌లో మెకాన్స్ మరో అడుగు వేశాడు. తనూ, మరికొందరు స్వచ్ఛంద సేవకులూ ఉప్పు లేని తిండి తింటూ, రోజూ వేడిలో పడుకుని చెమట పోయించుకున్నారు. మొదటి రోజుల్లో ఉప్పుతో పాటు నీరూ పోయి బరువు తగ్గింది. రక్తంలో ఉప్పు చిక్కదనం మాత్రం అలాగే ఉంది. ఇంకా కొనసాగిస్తే శరీరం లెక్క మార్చుకుంది. రక్తం పలచబడినా సరే, పరిమాణం మరీ పడిపోకుండా నీటిని పట్టుకుంది. మూత్రంలో ఉప్పు దాదాపు లేకుండా పోయింది. తిండి రుచి తెలియలేదు, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, కండరాలు పట్టేయడం, నీరసం. ఉప్పు తిన్న కొన్ని గంటల్లోనే తేరుకున్నారు.

శరీరం ఆ లెక్క ఎందుకు మార్చుకుంటుందో తర్వాత తెలిసింది. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడగానే మెదడులోని కణాలు గుర్తించి వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను వదలమంటాయని కేంబ్రిడ్జిలో వెర్నీ 1947లో వివరించాడు. అది మూత్రపిండం చేత నీటిని పట్టిస్తుంది, మూత్రం చిక్కబడి పచ్చబడుతుంది. రక్తపు పరిమాణం తగ్గడాన్ని ఈ హార్మోన్ అంత చురుగ్గా పట్టించుకోదు. ఎనిమిది, పది శాతం పోయాకగానీ గట్టిగా కదలదు. కానీ ఆ గీత దాటితే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి, రక్తం పలచబడినా పరవాలేదు, పరిమాణం నిలవాలి అని నీటిని బిగపడుతుంది. ఎండలో చెమటోడ్చి ఉప్పు పోగొట్టుకున్నవాడు బిందెడు ఉత్త నీళ్ళు తాగితే తల తిరగడానికి, వాంతి రావడానికి, ఒక్కోసారి ఫిట్స్ రావడానికి మూలం ఇక్కడుంది. ఉప్పేసిన మజ్జిగ, గంజి, తరవాణి తాగి పొలానికి వెళ్ళిన మన పెద్దలకు హార్మోన్ల పేర్లు తెలియవు, చేసిన పని మాత్రం సరైనది.

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. మూత్రపిండానికి రక్తం తగ్గిందని ఎవరు చెబుతారు? 1898లో స్టాక్‌హోంలో టీగర్‌స్టెట్, బర్గ్‌మన్ కుందేలు మూత్రపిండపు రసాన్ని మరో కుందేలుకు ఎక్కించి, రక్తపోటు పెరగడం చూశారు. ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో క్లీవ్‌లాండ్‌లో గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనిని కొంచెం బిగిస్తే రక్తపోటు పెరిగి అలాగే నిలిచిందని చూపించాక రెనిన్ మళ్ళీ వెలుగులోకి వచ్చింది. 1940 ప్రాంతంలో బ్యూనస్ ఐరిస్‌లో బ్రౌన్ మెనెండెజ్ బృందం, ఇండియానాపొలిస్‌లో పేజ్ బృందం ఒకరికొకరు తెలియకుండానే రెనిన్ రక్తంలో పుట్టించే అసలు పదార్థాన్ని పట్టుకున్నారు. రెండు వేర్వేరు పేర్లు పెట్టి, కొన్నేళ్ళ తర్వాత రాజీపడి, రెండు పేర్లనూ కలిపి ఆంజియోటెన్సిన్ అన్నారు. 1953లో లండన్‌లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టెయిట్ అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టిరాన్‌ను వేరుచేశారు. 1960 నాటికి గొలుసు పూర్తయింది. రెనిన్ ఆంజియోటెన్సిన్‌ను పుట్టిస్తుంది. అది రక్తనాళాలను బిగించి, అడ్రినల్ చేత ఆల్డోస్టిరాన్‌ను వదిలిస్తుంది. ఆల్డోస్టిరాన్ నాళికల చివరి భాగంలో ఉప్పును వెనక్కి లాగిస్తుంది.

ఆ గొలుసును కదిలించే కణాలు ఉన్న చోటును చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రక్తం వడపోత ముద్దలోకి వచ్చే ధమని గోడలోనే రెనిన్ కణాలున్నాయి. అక్కడ ఒత్తిడి తగ్గితే అవి కదులుతాయి. ఒక ముద్ద, దాని నాళిక కలిసినదే నెఫ్రాన్; అదే నెఫ్రాన్ నాళిక ఎంతో దూరం మెలికలు తిరిగి సరిగ్గా అక్కడికే వచ్చి, ఆ ధమనిని ఆనుకుని పోతుంది. ఆనుకున్న చోట నాళిక గోడ కణాలు అక్కడి దాకా చేరిన ఉప్పు ఎంతో కొలుస్తాయి. సాగర్ కుడి కాలువ మీద లష్కరు తూము దగ్గర మట్టం చూసి, చివరి భూములకు నీరు అందిందో లేదో కూడా చూసి తలుపు ఎత్తినట్టు, మూత్రపిండం మొదటా చివరా రెండు చోట్లా చూసి నిర్ణయిస్తుంది. ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లున్నాయి, ప్రతి నెఫ్రాన్‌కూ ఈ కాపలా ఉంది.

ఉప్పు కొఠార్లలో పనిచేసేవాళ్ళకు ఈ చరిత్రలో అందరికంటే దగ్గరివాడు జెరోం కాన్. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల ఉక్కపోతకు సైనికులు ఎలా అలవాటు పడతారో తేల్చమని అమెరికాలో ఆయనకు పని అప్పగించారు. మిషిగన్‌లో వేడి గదుల్లో మనుషుల చేత పని చేయించి చెమటను పరీక్షించాడు. కొద్ది రోజులకే చెమట ఆగలేదుగానీ చెమటలో ఉప్పు బాగా తగ్గిపోయింది. మూత్రంలోనూ తగ్గింది. అడ్రినల్ నుంచి వచ్చే ఏదో హార్మోన్ ఉప్పును కాపాడుతోందని ఊహించాడు. కొన్నేళ్ళకు దొరికిన ఆల్డోస్టిరాన్ అదే. 1955లో ఆ హార్మోన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువై రక్తపోటు పెరిగే జబ్బును వర్ణించాడు, దానికి ఆయన పేరే నిలిచింది. సీజను మొదట్లో కొత్తగా మడిలోకి దిగిన కూలీ మొదటి వారం కుంగిపోయి రెండో వారానికి నిలదొక్కుకోవడం ఇదే మార్పు. ఆ మొదటి వారమే ప్రమాదకరమైనదని మేస్త్రీలు, యజమానులు గుర్తించాలి.

రక్తం ఎక్కువైనప్పుడు జరిగే దాని గురించి కొంత తక్కువగానే చెబుతాను, మన ఎండకు తగ్గడమే పెద్ద సమస్య కనుక. అయినా కార్తీకంలో పాకల సముద్ర స్నానానికి వెళ్ళినవాళ్ళకు ఒక సంగతి అనుభవమే: మెడలోతు నీళ్ళలో కొంతసేపు నిలబడితే మూత్రం వస్తుంది. బయటి నీటి ఒత్తిడికి కాళ్ళలో, పొట్టలో ఉన్న రక్తం ఛాతీలోకి జరుగుతుంది. గుండె పై గదులు సాగుతాయి. రక్తం ఎక్కువైందని శరీరం అనుకుంటుంది. 1950లలో గావర్, హెన్రీ కుక్క గుండె ఎడమ పై గదిలో బుడగ ఉబ్బించి మూత్రం పెరగడం చూపించారు. 1981లో కెనడాలో డి బోల్డ్ ఎలుక గుండె పై గది రసాన్ని మరో ఎలుకకు ఎక్కిస్తే నిమిషాల్లో ఉప్పూ నీరూ మూత్రంలో వెల్లువెత్తాయి. గుండె కూడా హార్మోన్ వదిలే అవయవమని అప్పుడు తెలిసింది. శరీరశాస్త్రజ్ఞుడు గైటన్ 1972లో చెప్పిన మాట కూడా ఇక్కడే చేరుతుంది: దీర్ఘకాలంలో రక్తపోటును నిలిపేది మూత్రపిండమే. ఉప్పును బయటికి పంపడానికి దానికి ఎక్కువ ఒత్తిడి కావాల్సి వస్తే, శరీరం రక్తపోటును పెంచి ఉంచుతుంది. పచ్చళ్ళు, ఎండు చేపలు కడుపు నిండా తిని నీడన కూర్చునేవాళ్ళకు ఇది చెప్పాలి. చెమటోడ్చేవాళ్ళకు, నీడన ఉండేవాళ్ళకు ఉప్పు గురించి ఒకే సలహా పనికిరాదు.

ఈ కాపలాకు హద్దు ఎక్కడుందో 1941లో లండన్ బాంబు శిథిలాల్లో కనిపించింది. కాలో చెయ్యో నలిగి గంటల తరబడి ఇటుకల కింద ఉన్నవాళ్ళను బయటికి తీశాక, మొదట బాగానే కనిపించి, తర్వాత మూత్రం ఆగి చనిపోవడాన్ని బైవాటర్స్, బీల్ రాసిపెట్టారు. రక్తం తగ్గడం, నలిగిన కండరాల రంగు పదార్థం నాళికల్లో పేరుకోవడం రెండూ కలిసి మూత్రపిండాన్ని కూల్చాయి. 1943లో నాజీల ఆక్రమణలో ఉన్న హాలండ్‌లో కోల్ఫ్, మూత్రపిండాలు కూలినవాళ్ళ కోసం కృత్రిమ మూత్రపిండం తయారుచేశాడు. మూత్రం తగ్గడం మొదట రక్షణ చర్య. నీరూ ఉప్పూ అందితే గంటల్లో సర్దుకుంటుంది. అందకపోతే రక్షణే గాయమవుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న కొద్ది వ్యవధిలోనే ప్రాణం ఉంది.

ఆ వ్యవధిని మనమే ఎలా తగ్గించుకుంటున్నామో చెప్పాలి. రక్తం తగ్గి నాళాలన్నీ బిగుసుకున్నప్పుడు, మూత్రపిండం తనలోకి రక్తం వచ్చే దారిని ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలతో తెరిచి ఉంచుకుంటుంది. ఆస్పిరిన్ లాంటి మందులు ఆ పదార్థాలను పుట్టకుండా ఆపుతాయని 1971లో జాన్ వేన్ చూపించాడు. మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే డైక్లోఫెనాక్ వంటి ఒళ్ళు నొప్పుల బిళ్ళలన్నీ ఆ కోవలోవే. రోజంతా ఎండలో చెమట పోసి, సాయంత్రం నడుము పట్టేసిందని ఆ బిళ్ళ మింగిన మనిషి, తన మూత్రపిండానికి మిగిలిన ఒక్క దారినీ మూస్తున్నాడు. ఆంజియోటెన్సిన్‌ను ఆపే బీపీ మందులు రక్తం చాలినంత ఉన్నప్పుడు మూత్రపిండానికి మేలు చేస్తాయి. బ్రెజిల్ పాము విషం మీద జరిగిన పరిశోధన నుంచి అవి పుట్టాయి, మొదటిదైన కాప్టోప్రిల్ 1981లో వాడుకలోకి వచ్చింది. కానీ వాంతులు, విరేచనాలు, వడదెబ్బ ఉన్న రోజున ఆ మందు, నీరు తీసే మందు, నొప్పుల బిళ్ళ మూడూ కలిస్తే మూత్రపిండం ఒక్క పూటలో చతికిలపడొచ్చు. అలాంటి రోజున ఏది ఆపాలో ముందే డాక్టరును అడిగి పెట్టుకోవాలి.

2015 మే నెలాఖరున వీచిన వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు మన రెండు రాష్ట్రాలవాళ్ళు, ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. పోయినవాళ్ళను లెక్కపెట్టాం. బతికి బయటపడినవాళ్ళలో ఎందరి మూత్రపిండాలు ఏ మేరకు దెబ్బతిన్నాయన్న లెక్కకు ఆ శ్రద్ధ దక్కలేదు. శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య బీపీ, షుగరు లేనివాళ్ళలో కూడా మూత్రపిండాలు చెడిపోవడం రెండు దశాబ్దాలకు పైగా చూస్తున్నాం. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు కోతగాళ్ళలోనూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ రోజూ ఎండలో నీరు పోయి, మూత్రపిండం రోజూ బిగుసుకోవడం ఒక కారణమని బలంగా వాదిస్తున్నారు. కొన్ని చెరకు తోటల్లో నీళ్ళు, నీడ, విరామం నియమంగా పెట్టి చూశారు. ఉద్దానంలో కారణం ఇంకా తేలలేదు, తాగునీటి నుంచి పురుగుమందుల దాకా అనుమానాలున్నాయి. రెంటినీ ఒకటే అనడం తొందరపాటే.

ఉప్పు కొఠార్ల సంగతికి వస్తే, చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ పరిశోధకులు తమిళనాడు ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళను పరీక్షించి, వాళ్ళలో కొందరి మూత్రపిండాల పనితీరు తగ్గి ఉందని చూపారు. వేడి కొలిచారు, చెమట కొలిచారు. మరుగుదొడ్డి లేని చోట ఆడవాళ్ళు పని పూర్తయ్యేదాకా నీళ్ళు తాగకుండా ఉండిపోవడం అక్కడా ఇక్కడా ఉన్నదే. మిరప కోతల్లో ఉన్నదే, పత్తి తీతల్లో ఉన్నదే. ఆ ఎనిమిది గంటల్లో వాళ్ళ మూత్రపిండాల్లో రెనిన్ ఎంత పెరిగి ఉంటుందో, ఆల్డోస్టిరాన్ ఎంత పనిచేసి ఉంటుందో ఇప్పుడు మనకు తెలుసు. బింగినపల్లి, ఊళ్ళపాలెం, పాకల మడుల్లో దిగే ప్రతి మనిషికీ జనవరిలో సీజను మొదలయ్యేటప్పుడు ఒకసారి, జూన్‌లో వానలు పడి మడులు మూసేటప్పుడు ఒకసారి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయాలి. గట్ల మీద నీడకు ఒక పందిరి, ఉప్పు, చక్కెర కలిపిన చల్లటి నీళ్ళ కుండ, ఆడవాళ్ళకు తలుపున్న మరుగుదొడ్డి ఉండాలి. ఆ పరీక్షకు కావలసింది ఒక చిన్న సీసాడు రక్తం. ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రికి అది రైల్లో గంట లోపు చేరుతుంది.